వదినగారి వేలంపాట

పద్మరాజపురం పురపాలక సంఘానికి ఏ వస్తువు వచ్చినా, కొన్నదైనా దానంగా వచ్చినదైనా, దాన్ని ఏదో ఒక శీర్షిక కింద చేర్చి తీరాలి. ఉన్న శీర్షికలు కొన్నే. వాహనాలు, యంత్రాలు, పాత్రసామగ్రి, ఫర్నిచరు. అందుచేత వెనకటి జమీందారు ఇటలీ నుంచి ఓడలో తెప్పించి, సంఘం ఆఫీసు నడిచే టౌను హాలుకి దానం చేసిన రెండు శిల్పాలూ ఫర్నిచరు కిందికి వచ్చాయి. ఒకటి కంచు వేటకుక్క. దానిమీద పిల్లలు కూర్చుంటారు కనక బెంచీగా నమోదైంది. రెండోది పాలరాతి స్త్రీ. నిలువుగా ఉంటుంది కనక ఆవిడ బీరువా అయింది.

దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఏటా తనిఖీకి వచ్చిన అధికారి "బెంచీ ఒకటి, బీరువా ఒకటి" అని చదివితే, గుమాస్తా వరండా వైపు వేలు చూపించేవాడు. బీరువాకి తలుపులు లేవేమని ఒక్కరూ అడగలేదు.

అప్పలస్వామి మాస్టారికి మాత్రం ఆ బీరువా బంధువు.

మాస్టారు ఊళ్ళో కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య వకుళ టౌను హాలు వెనక గదిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. పాలరాతి స్త్రీ కుడిచెయ్యి ముందుకి చాపి ఉంటుంది. ఆ చేతిలో ఒకప్పుడు దీపమో పావురమో ఉండేదట. ఏదో తుపానులో అది విరిగిపోయింది. చెయ్యి మాత్రం ఎవరైనా ఏదైనా ఇస్తారేమో అన్నట్టు అలాగే ఉండిపోయింది. వకుళ రోజూ వస్తూనే గొడుగు ఆ చేతికి తగిలించి, "వదినా, గొడుగు చూస్తుండు" అని లోపలికి వెళ్ళిపోయేది.

"ఆవిడ నీకు వదినెలా అయింది?" అని ఒకసారి మాస్టారు అడిగారు.

"మీ పోలిక కనిపించడంలా? ఎంతసేపు పలకరించినా పలకదు. మీ అక్కగారే అయ్యుంటుంది" అంది వకుళ.

వకుళ పోయి మూడేళ్ళయింది. మాస్టారు ఇప్పటికీ రోజూ పేపరు చదవడానికి టౌను హాలుకి వస్తారు. ఆయన పట్టుకొచ్చేది వకుళ గొడుగే. నీలం రంగు మీద తెల్లపూలు. మగవాడు పువ్వుల గొడుగు వేసుకుని నడివీధిలో పోతుంటే నవ్వడానికి ఆ ఊళ్ళో తీరిక ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా ఎవరూ నవ్వలేదు. ఎదురుగా టీకొట్టు నడిపే ఎర్నమ్మ, ఎమ్మెల్యేనైనా నాలుగు మాటలనకుండా పంపని మనిషి, ఆ ఒక్క విషయంలో నోరు కట్టేసుకుంది. మాస్టారు గొడుగు పాలరాతి చేతికి తగిలించి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి పేపరు తెచ్చుకునేవారు. నలభై ఏళ్ళు తర్కం చెప్పిన మనిషి రాతితో మాట్లాడడం బాగుండదని ఆయన ఉద్దేశం.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నీ నిరుపయోగ ఫర్నిచరు నిర్మూలన పక్షోత్సవం జరుపుకోవాలట. ఎవరు ఎక్కువ వస్తువులు వదిలించుకుంటే వారికి ప్రశంసాపత్రం.

కొత్త కమిషనరు త్రివిక్రమ్ కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఉత్తర్వు అందిన పూటే కమిటీ వేశాడు. కమిటీలో చదువుకున్నవాడూ, వేతనం ఆశించనివాడూ, బయటివాడూ అయిన నిపుణ సభ్యుడు ఒకరు ఉండాలన్నారు. అటువంటి మనిషి ఆ సమయానికి వరండాలో పేపరు చదువుతూ కనిపించడంతో మాస్టారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

"ఈ ఉత్సవంలో మనం వేలానికి పెట్టేవి బెంచీ ఒకటి, బీరువా ఒకటి" అని చదివాడు కోదండపాణి.

మాస్టారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

కోదండపాణి అకౌంట్సు అధికారి. చెడ్డవాడు కాడు. ఆయన దగ్గర ఒకే ఒక్క సూత్రం ఉంది. దాన్ని ఆయన ఎన్నడూ ఎవరిమీదా కోపంతో వాడలేదు. ఆ సూత్రం పేరు తరుగుదల.

"ఫర్నిచరు విలువ ఏటా కొన్న ధరలో పదోవంతు తరుగుతుందండి" అన్నాడు, పూజ మొదలుపెట్టేవాడిలా కళ్ళజోడు తుడుచుకుంటూ. "వీటి కొన్న ధర లభ్యం కానందున, ఒక సాధారణ బెంచీ ధరనూ, ఒక సాధారణ బీరువా ధరనూ పరిగణనలోకి తీసుకోవడమైనది."

"ఏటా పదోవంతు అంటే పదేళ్ళకి సున్నా అయిపోవాలిగా?" అన్నాడు కమిషనరు.

"అవుతుందండి."

"ఆ తరవాత?"

"ఆ తరవాత కూడా తరుగుతుందండి. సున్నా దగ్గర ఆగమని నిబంధనల్లో ఎక్కడా లేదు."

కమిషనరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"సున్నాకి కిందికి పోతే... అప్పుడు అమ్మడమంటే ఏమిటి?"

"కొన్నవారికి మనం చెల్లించాలండి" అన్నాడు కోదండపాణి వినయంగా. "బెంచీ వయసు నూటపాతికేళ్ళ దరిదాపు. కనక అది సుమారు మైనస్ యాభై వేల దగ్గర ఉన్నది."

మాస్టారు ఉండబట్టలేక గొంతు సవరించుకున్నారు. "అయ్యా, ఇవి శిల్పాలు. పాతబడేకొద్దీ ఇలాంటివాటి విలువ పెరుగుతుందంటారు."

కోదండపాణి ఆయన వైపు జాలిగా చూశాడు. "నిజమే కావచ్చు మాస్టారూ. కాని పెరుగుదలకి మన దగ్గర గడి లేదండి."

కమిషనరు ఉత్తర్వు మళ్ళీ చదివాడు. నష్టం వస్తే ఏమవుతుందో ఉత్తర్వులో లేదు. వదిలించుకుంటే ఏమవుతుందో మాత్రం స్పష్టంగా ఉంది. "ముందు బెంచీతో ప్రారంభిద్దాం" అన్నాడు. "వేలానికి వచ్చే వస్తువు శుభ్రంగా ఉండాలి. తోమించండి."

పారిశుధ్య సిబ్బంది చింతపండూ బూడిదా కొబ్బరిపీచూ పట్టుకొచ్చి, నూరేళ్ళ పైగా ఎండా వానా కలిసి కంచు మీద పట్టించిన పచ్చటి నలుపునంతా ఒక్క పూటలో వదలగొట్టారు. సాయంత్రానికి వేటకుక్క పెళ్ళివారి బిందెలా మెరిసిపోయింది. పిల్లలు దానిమీద ఎక్కడానికి కూడా మొహమాటపడ్డారు.

వేలంనాడు ఊరంతా వచ్చింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. కోదండపాణి బల్లెక్కి, పాడుకున్నవారు డబ్బివ్వనక్కర్లేదనీ, మునిసిపాలిటీయే వారికి ఇస్తుందనీ, పాట మైనస్ యాభై వేల దగ్గర మొదలవుతుందనీ విశదీకరించాడు. జనం ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు.

"నాకు నలభై వేలిచ్చినా చాలు" అన్నాడు పాత ఇనపసామాన్ల వ్యాపారి, న్యాయంగా ఉందామని.

"చెల్లదు" అన్నాడు కోదండపాణి. "వేలంలో పాట పైకి పోవాలి. కిందికి రాకూడదు. అరవై అనండి."

మాస్టారు కంగారుగా లేచారు. "కోదండపాణిగారూ, మైనస్ అరవై అంటే మైనస్ యాభై కన్నా తక్కువండీ!"

"అది లెక్కల్లోనండి మాస్టారూ. ఇది వేలం. వేలానికి దాని సంప్రదాయం దానికి ఉంది."

సంప్రదాయం ప్రకారం పాట జోరుగా పైకి పోయింది. అరవై, డెబ్భై, ఎనభై. ఎర్నమ్మ టీకొట్టు గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి.

"ఏటీ గోల! పాలు పొంగిపోతన్నాయి, ఒక్కడూ టీ తాగడు!" అని కేకేసింది. "లచ్చ! లచ్చ అనీసినాను, ఇంక ఎల్లండి!"

కోదండపాణి సుత్తి కొట్టేశాడు. "లక్ష! అంతకుమించి చెల్లించడానికి కమిషనరు గారికి అధికారం లేదు. ఎర్నమ్మగారికి ఖరారు."

ఆ విధంగా ఎర్నమ్మకి వేటకుక్కా దాంతోపాటు లక్ష రూపాయలూ వచ్చాయి. ఆవిడ కుక్కని కొట్టు ముందర పెట్టించింది. పిల్లలు రోడ్డు దాటి వచ్చి దానిమీద ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కినవాడికల్లా ఒక బిస్కట్టు. వేలంవల్ల ఆ ఊళ్ళో ఎవరికైనా మేలు జరిగిందీ అంటే మొదట ఆ పిల్లలకే జరిగింది.

ఆ వారంలోనే రెండు కబుర్లు వచ్చాయి. బెంచీ నిర్మూలనకుగాను పద్మరాజపురానికి ప్రశంసాపత్రం. మిగిలిన బీరువాకి అడ్డు రాకుండా కమిషనరు గారి చెల్లింపు అధికారానికి పరిమితి ఎత్తేశారన్నది రెండోది. ఆ వెనకే కరెంటువాళ్ళు వచ్చి, బిల్లు కట్టలేదని వీధిదీపాలు తీసేశారు. కట్టవలసిన డబ్బు కుక్కతో పాటు వీధి దాటి వెళ్ళిపోయింది మరి.

సుదర్శన భూపతి వచ్చింది అప్పుడే. ఆయనకి చెన్నైలో పాత శిల్పాల దుకాణం ఉంది. నలగని తెల్లబట్టలు, మెడలో దారానికి వేలాడే చిన్న భూతద్దం. కారు దిగుతూనే ఎర్నమ్మ కొట్టు ముందు మెరిసిపోతున్న కుక్కని చూసి, బల్లమీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఎవరమ్మా దీన్ని తోమింది?"

"మొదల మునిసిపాలిటీవోల్లు తోమినారు బాబూ. ఇప్పుడు నేను సుక్కురారం సుక్కురారం తోముతన్నాను. సూడండి, మొకం కనబడతాది."

"నూరేళ్ళుగా పట్టిన పచ్చరంగు అమ్మా అది! మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ రంగుకే లక్షలు పోస్తారు."

"మురిక్కి డబ్బులిత్తారేటి?" ఎర్నమ్మ చెయ్యి చాపి చూపించింది. "మా సందులోకి రండి బాబూ, మీకు ఎంత కావాలంటే అంత."

కాని కుక్క ఏ పద్ధతిలో అమ్ముడుపోయిందో విన్నాక భూపతి తేరుకున్నాడు. ఎదురుగా వరండాలో పాలరాతి స్త్రీ. దగ్గరికి వెళ్ళి భూతద్దంతో మడతలు చూశాడు, పాదాలు చూశాడు, చాపిన చెయ్యి చూశాడు. చేతికి గొడుగు ఉంది. దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టాడు. వరండా చివర పేపరు చదువుకుంటున్న మాస్టారు లేచి వచ్చి, గొడుగు తీసుకుని మళ్ళీ అదే చేతికి తగిలించారు.

మర్నాడే భూపతి వేలంలో పాడడానికి ధరావతు సొమ్ము కట్టాడు. ధరావతు భారీగా ఉండాలని కోదండపాణి కోరితే, మారు మాట లేకుండా అంతా కట్టేశాడు. ఊళ్ళో ఇంకెవరికీ అంత కట్టే స్తోమత లేదు. దాంతోపాటు జమీందారు కాలం నాటి ఓడ రసీదొకటి సంపాదించుకొచ్చాడు. పాలరాతి స్త్రీ నూటముప్ఫయ్యేళ్ళదని అందులో ఉంది. ఎంత పాతదైతే మునిసిపాలిటీ ఆయనకి అంత ఎక్కువ చెల్లించాలి.

కమిషనరు సిబ్బందిని పిలిపించాడు. వీధిదీపాలు పోయాయి. ఇక పోవలసినది మంచినీళ్ళు.

"ఆవిడ వయసు తగ్గాలి" అన్నాడు. "జనన మరణాల నమోదు మన చేతిలోనే ఉందిగా?"

అది శానిటరీ ఇన్‌స్పెక్టరు నూకరాజు చేతిలో ఉంది. నూకరాజు ఆలస్యపు నమోదులో సిద్ధహస్తుడు. బడిలో వెయ్యడానికి పిల్లల వయసు పెంచి, క్రికెట్టు ఆడించడానికి తగ్గించి ఊరందరినీ సంతోషపెట్టినవాడు.

"ఎంతకి దించమంటారు సార్?"

"ఎనిమిదేళ్ళు చాలు" అన్నాడు కోదండపాణి. "ఇప్పటి రిజిస్టరులో బీరువా అని రాసి అంతే అయింది. ఎనిమిదేళ్ళ బీరువాకి ఇంకా విలువ మిగిలి ఉంటుంది. అప్పుడు కొన్నవారే మనకి కట్టాలి."

"ఎనిమిదేళ్ళ పిల్లలా కనబడాలి కదండీ మరి" అన్నాడు నూకరాజు. "స్నానం సేయిద్దాం."

పాలరాతి స్త్రీకి స్నానం ఏర్పాటైంది. ఆవిడ వంటిమీద బట్టలు కాస్త పలచన కావడంచేత, మహిళా సిబ్బంది మాత్రమే పాల్గొనాలనీ, చుట్టూ తెర కట్టాలనీ, ఆ సమయంలో పురుష అధికారులు వరండా వైపు చూడరాదనీ సర్క్యులరు జారీ అయింది. వేణ్ణీళ్ళూ సబ్బుపొడీ వాడారు. ఒకామె చనువుగా జుట్టు సందుల్లో కూడా రుద్దిందట. తెర తీసేసరికి ఆవిడ నిజంగానే కొంచెం చిన్నదైనట్టు కనిపించింది.

భూపతి ఒప్పుకోలేదు. కోర్టుకెళ్తానన్నాడు. చివరికి, వేలంనాడు నిపుణ సభ్యుడు ఏ వయసు మీద సంతకం పెడితే అదే వయసు అని రాజీ కుదిరింది. నిపుణ సభ్యుడంటే అప్పలస్వామి మాస్టారే.

వేలానికి ముందు సాయంత్రం ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నారు. పక్కన సబ్బు వాసన ఇంకా పోలేదు. భూపతి తెచ్చిన లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. డ్రైవరు వెనక తొట్టిలో గడ్డి పరుస్తున్నాడు.

నూటముప్ఫయ్యేళ్ళని సంతకం పెడితే భూపతి డబ్బు పుచ్చుకుని ఆవిడని తీసుకుపోతాడు. ఎనిమిదేళ్ళని పెడితే డబ్బిచ్చి తీసుకుపోతాడు. ఎటు పెట్టినా ఆవిడ ఎక్కేది ఆ గడ్డి మీదికే. ఇలాంటి చిక్కుముడికి తర్కశాస్త్రంలో ఒక పేరుందని ఆయన కొన్ని వందలమంది పిల్లలకి చెప్పారు. పేరు తెలిసినంత మాత్రాన ముడి విడదని ఎవరికీ చెప్పలేదు.

ఎర్నమ్మ టీ పట్టుకొచ్చింది. పంచదార లేదు. అడక్కుండానే గుర్తుపెట్టుకుంది.

"దిగులెట్టుకోకండి మాస్టారూ. మా కుక్క పక్కన మీకో కుర్సీ ఏత్తాను. ఆడ కూకుని సదూకోండి పేపరు."

"గొడుగెక్కడ పెట్టుకోను ఎర్నమ్మా?" అన్నారు మాస్టారు, నవ్వబోయి.

ఎర్నమ్మ కొంగుతో అక్కర్లేకపోయినా మెట్టు తుడిచింది.

నూకరాజు సైకిలు నడిపించుకుంటూ అటే వచ్చాడు. ముఖం ముడుచుకుని ఉన్నాడు. "సంతకం మీ సేత పెట్టించేస్తే మరి నా ఆపీసెందుకు మాస్టారూ? ఆ చెన్నపట్నం బాబు ఓడ దిగిన రోజు లెక్కెట్టమంటాడు. కమిషనరుగారేమో బీరువా అని రాసిన రోజు లెక్కెట్టమంటారు. మా పద్ధతి అది కాదండి. బారసాల ఎప్పుడైంది, పుట్టెంట్రుకలు ఎప్పుడు తీసినారు, బడిలో ఎప్పుడేసినారు, ఏదీ మాకు పట్టదు. పుట్టిందెప్పుడు? అదొక్కటే లెక్క."

టీ గ్లాసు మాస్టారి పెదాల దగ్గర ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు నూకరాజూ."

"అదే, పుట్టిందెప్పుడు అని."

మాస్టారు టీ చల్లారిపోయేదాకా గ్లాసు అలాగే పట్టుకుని, పాలరాతి స్త్రీ వైపు చూస్తూ కూర్చున్నారు. తరవాత ఆ చల్లటి టీ ఇష్టంగా తాగి ఇంటికి వెళ్ళారు.

మర్నాడు కిందటిసారి కన్నా ఎక్కువమంది వచ్చారు. భూపతి ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కమిషనరు మాస్టారికి స్వయంగా కుర్చీ జరిపాడు.

"నిపుణ సభ్యులు తమ అమూల్యమైన అభిప్రాయాన్ని సభకి తెలియజేయవలసిందిగా కోరడమైనది" అన్నాడు కోదండపాణి.

మాస్టారు లేచారు. క్లాసులో నిలబడ్డట్టే చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నూకరాజుగారిని ఒక్క మాట అడగాలి. బిడ్డ వయసు దేన్నుంచి లెక్కపెడతారు?"

"పుట్టినకాడ్నించండి" అన్నాడు నూకరాజు, తన ఆఫీసుకి గౌరవం దక్కిందని పొంగిపోతూ.

"పుట్టువెంట్రుకలు తీయించిన రోజు నుంచి కాదు గదా?"

"ఎప్పటికీ కాదండి!"

"అయితే ఈమెని శిల్పి చెక్కింది నూటముప్ఫయ్యేళ్ళ కిందట కావచ్చు. చెక్కడమంటే ఏమిటి? అక్కర్లేనిది తీసెయ్యడం. అంటే పుట్టువెంట్రుకలు తీయించడమే. ఓడ ఎక్కడం ప్రయాణం. బీరువా అని రాయడం బారసాల. వీటిలో ఏదీ పుట్టడం కాదు."

"అయితే గనిలోంచి రాయిని తీసిన రోజంటారా?" అన్నాడు భూపతి ఆసక్తిగా ముందుకి వంగి. ఇంకో పదేళ్ళు కలిసొస్తాయని ఆయన ఆశ.

"అది ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకురావడమండి" అన్నారు మాస్టారు. "ఈ రాయి భూగర్భంలో పాలరాయిగా పుట్టి, భూగర్భ శాస్త్రజ్ఞుల మాట ప్రకారం, కోట్ల సంవత్సరాలయింది. తగ్గించి వేసుకుందాం, ఇరవై కోట్ల ఏళ్ళు. ఆ వయసు మీద నేను సంతకం పెడుతున్నాను."

పెట్టేశారు.

కోదండపాణి కాగితం మీదికి వంగాడు. ఏడాదికి బీరువా ధరలో పదోవంతు, వెయ్యి రూపాయలు. దాన్ని ఇరవై కోట్లతో హెచ్చవేశాడు. సున్నాలు మార్జిను దాటాయి. పక్క కాగితం అతికించాడు. తల ఎత్తేటప్పటికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఈ సూత్రం ఇంత దూరం నడుస్తుందని నేననుకోలేదండి" అన్నాడు. "ప్రారంభ ధర మైనస్ ఇరవై వేల కోట్లు."

కమిషనరు మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడు. భూపతి మాత్రం ఎగిరి లేచాడు.

"నేను పాడుతున్నాను! ఇరవై వేల కోట్లు! నాది!"

"పోటీ పాటదారు లేనందున మీకే ఖరారు" అన్నాడు కోదండపాణి, సుత్తి కొట్టి. "చెల్లింపుకి కమిషనరుగారికి పరిమితి లేదు. నగదు లేదు. నగదు లేనిచోట ఆస్తులు జమకట్టాలని నిబంధన. టౌను హాలు, కూరగాయల మార్కెట్టు, వాటర్ ట్యాంకు, చెత్త ట్రాక్టర్లు రెండు, చెత్త పోసే దిబ్బ ఒకటి. సంగ్రహంగా చెప్పాలంటే, మునిసిపాలిటీ. ఇదంతా మీ బాకీలో వెయ్యో వంతుకి కూడా రాదు. మిగతాది మీకు బాకీ ఉంటాం."

భూపతి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "మునిసిపాలిటీ నాదా?"

"ఆస్తులతోపాటు బాధ్యతలు కూడానండి. వీధిదీపాల బకాయి, పారిశుధ్య సిబ్బంది జీతాలు, ట్యాంకు కారడం, కోర్టు కేసులు, కోతులు."

ఈ మాట జనంలోకి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరికి యజమాని మారాడన్నమాట. ఎవరో పరుగున దండ తెచ్చి భూపతి మెడలో వేశారు. భూతద్దం పువ్వుల్లో ఇరుక్కుపోయింది. వెంటనే అర్జీలు మొదలయ్యాయి.

"బాబూ, మా సందు కాలవ ఎప్పుడు తీయిత్తారు?" ఎర్నమ్మ గొంతు అందరికన్నా ముందు లేచింది. "మొన్న మీకు మురికి కావాలన్నారు, ఒకపాలి వచ్చి సూసుకోండి!"

"మా వీధికి నీళ్ళు తెల్లారకముందొస్తున్నాయి, ఎవరు పట్టుకుంటారండీ?"

"ఇంటి పన్ను ఎక్కువేశారు బాబూ, మాది రేకుల కొంప!"

"మా జీతాలు సార్!" అన్నారు, స్నానం చేయించిన ఆడవాళ్ళు నలుగురూ చీపుళ్ళు పట్టుకుని ముందుకొచ్చి.

భూపతి వెనక్కి నడిచాడు. "నేను శిల్పం కోసం వచ్చాను. ఊరి కోసం కాదు. ఆ బొమ్మ ఒక్కటీ ఇప్పించండి, నాకేమీ చెల్లించకండి!"

"ఊరికే తీసుకోవడం నిబంధనలకి విరుద్ధమండి" అన్నాడు కోదండపాణి నొచ్చుకుంటూ. "బీరువా తీసుకుంటే బాకీ కూడా తీసుకోవాలి. విడదీసి ఇవ్వడానికి వీల్లేదు. అక్కర్లేదంటే పాట వదులుకున్నట్టు రాసివ్వండి. ధరావతు మాత్రం మునిసిపాలిటీకి దఖలు పడుతుంది."

భూపతి దండ తియ్యకుండానే రాసిచ్చేశాడు. కారు గేటు దాటేవరకూ ఒక ముసలాయన రేకుల కొంప సంగతి చెబుతూ పక్కనే పరుగెత్తాడు. ఆ వెనకే లారీ, పరిచిన గడ్డితో సహా, ఖాళీగా వెళ్ళిపోయింది. అందరూ ఆఫీసు గదిలోకి వచ్చాక కోదండపాణి ధరావతు లెక్క చూసి, వీధిదీపాల బకాయీ జీతాలూ కట్టేయడానికి సరిపోతుందని తేల్చాడు. చాలా రోజుల తరవాత ఆ గదిలో ప్లస్ గుర్తు కనిపించింది.

కమిషనరు తేరుకున్నాడు. తేరుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. టౌను హాలు గోడలది ఏ రాయి? ఊరి పక్కనున్న రాజుగారి కొండ ఎవరి లెక్కలో ఉంది? ఎవడైనా వచ్చి వాటి వయసు అడిగితే?

"కోదండపాణిగారూ, రాతితో చేసినవన్నీ ఫర్నిచరు కిందనుంచి తీసెయ్యండి. కొత్త శీర్షిక పెట్టండి. ఈ క్షణమే."

"ఏమని పెట్టమంటారు?"

కమిషనరుకి తోచలేదు. కోదండపాణి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కలం ఆయన వైపే జరిపారు. కోదండపాణి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ప్రతి వస్తువునీ తరిగిస్తూ వచ్చిన మనిషి. చివరికి తనే రాసుకున్నాడు: 'తరగనివి.' రాసి, తను చెయ్యకూడని పనేదో చేసినట్టు చుట్టూ చూశాడు.

"మొదటి వస్తువు, పాలరాతి స్త్రీ" అన్నాడు. "ఇక్కడ ఉపయోగం అని ఒక గడి ఉంది మాస్టారూ. ఖాళీగా వదిలితే వచ్చే పక్షోత్సవానికి మళ్ళీ నిరుపయోగం కిందికి వస్తుంది. ఏమని రాయమంటారు?"

మాస్టారికి చెప్పడానికి చాలా ఉంది. అందులో చాలావరకు గడిలో పట్టదు.

"గొడుగు పట్టుకుంటుందని రాయండి" అన్నారు.

కోదండపాణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అడ్డు చెబుతాడేమో అనుకున్నారంతా. ఆయన వంగి, గుండ్రటి అక్షరాలతో, గొడుగు పట్టుకుంటుంది అని రాసి, కింద గీత గీసి, ముద్ర వేశాడు.

మాస్టారు వరండాలోకి వచ్చారు. ఎదురుగా ఎర్నమ్మ కుక్క మీద ఇద్దరు పిల్లలు, మూడోవాడు తోక పట్టుకుని వంతు కోసం ఎదురుచూస్తూ. పాలరాతి స్త్రీ చెయ్యి చాపి నిలబడి ఉంది. ఆయన తన చేతిలో ఉన్న పువ్వుల గొడుగు ఆ చేతికి తగిలించారు. లోపలికి రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకున్నారు. ఎర్నమ్మ ఉంది కాని, సరిగ్గా అప్పుడే పాల వైపు తిరిగింది.

"అక్కా, గొడుగు చూస్తుండు" అన్నారు మాస్టారు.

అనేసి, పేపరు చదువుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.